పదకొండు పెన్సిల్ గుర్తులు

మొన్న సోమవారం పొద్దున మొయినాబాద్‌లో నా షట్టరు ఎత్తి, ముందురోజు కొరియర్‌లో వచ్చిన అట్టగొట్టం మూత తీశాను. లోపల చుట్టి పెట్టిన పాత సముద్ర పటం నుంచి వాసన వచ్చింది. తడిసి ఆరిన గుడ్డ, పాతబడిన గంజి, ఎక్కడో అడుగున కొంచెం కర్పూరం. బయట చేవెళ్ల రోడ్డు మీద టిప్పర్లు పోతున్నాయి, పక్క హోటల్లో పూరీలు వేగుతున్నాయి. ఆ వాసన వాటన్నిటినీ నెట్టుకుని వచ్చి నా ముక్కు పట్టుకుంది. చిరిగిన పటాలు అతికించి బతికేదాన్ని కాబట్టి ఇలాంటి గొట్టాలు నెలకు రెండు మూడు వస్తాయి. ప్రతిసారీ చేతులు ఆగిపోవు. కానీ మొన్నటిది కోరంగి తీరం పటమని గొట్టం మీద చీటీలో ఉంది. దాన్ని విప్పకుండా కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాను. నాకు ఈ వాసనను, ఈ పనిని, ఈ పనిలో నేను చేసిన అతిపెద్ద తప్పును పరిచయం చేసిన మనిషి దేవదానం తాత. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

తాతది మా ఊరే, కనకమామిడి. చర్చి వెనక రెండో గల్లీలో పెంకుటిల్లు. నాకు చుట్టం కాదు, ఊరి వరసన తాత. వయసులో కూలికని బొంబాయి పోయాడు. రేవు దగ్గర ఓడలవాళ్లకు సముద్ర పటాలు అమ్మే ఒక పాత దుకాణంలో ఊడ్చే పనికి కుదిరాడు. అక్కడే అక్షరాలు దిద్దుకుని, అక్కడే పటాలు దిద్దే బల్ల మీదికి చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఆ బల్ల వదల్లేదు. సముద్ర పటం ఒకసారి అచ్చు వేస్తే అయిపోయేది కాదు. ఎక్కడో ఓడ మునుగుతుంది, ఎక్కడో దీపస్తంభం వెలుగు మారుతుంది, నది మట్టి తెచ్చి పోస్తే లోతు తగ్గుతుంది. ఆ కబుర్లు వారం వారం దుకాణానికి వచ్చేవి. అమ్మే ప్రతి పటం మీదా ఆ మార్పులను చేత్తో, సన్నటి పాళీతో, ఊదా సిరాతో ఎక్కించాకే ఓడకు ఇవ్వాలి. ఆ ఎక్కించే చెయ్యి ఆయనది. “నువ్వు ఓడెక్కినవా తాత?” అని ఒకసారి అడిగితే, “ఒక్కసారి ఎక్కిన బిడ్డ. కక్కుకున్న. మళ్ల ఎక్కలే,” అన్నాడు. పని మానేసి ఊరికి వచ్చేటప్పుడు దుకాణంవాళ్లు పనికిరావని పక్కన పెట్టిన పాత పటాల కట్ట ఒకటి వెంట తెచ్చుకున్నాడు. అప్పటికే భార్య లేదు, పిల్లలు లేరు. సముద్రం లేని ఊళ్లో ఆయనకు సముద్రం తాత అని పేరు పడింది. ఆ పేరులో సగం ఎగతాళే.

ఊళ్లో దూరం నుంచి చూడటమే తప్ప, నేను ఆయనతో మొదట మాట్లాడింది మొయినాబాద్‌లో ఒక జిరాక్స్ సెంటర్లో. చేవెళ్లలో డిగ్రీ పూర్తిచేసి, ఏం చెయ్యాలో తోచక, ఆధార్ కార్డులూ పహాణీ నకళ్లూ తీసిస్తూ రోజులు దొర్లిస్తున్నాను. ఒక మధ్యాహ్నం తాత ప్లాస్టిక్ పైపు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. అందులోంచి పొడవాటి కాగితం తీసి కాపీ కావాలన్నాడు. అది మిషను అద్దానికి మూడింతలు ఉంది. నా వెనక ఆరుగురు లైనులో ఉన్నారు. నేను దాన్ని మధ్యకు మడవబోయాను.

“ఏయ్, మడత పెట్టకు బిడ్డ.”

“పెద్దగున్నది తాత, అద్దం మీద పట్టది. మడతలు పెట్టి నాలుగు కాపీలు తీసి అతికిస్త.”

“మడత పడ్డకాడనే కాయితం అరుగుతది. నువ్వు మడిచేకాడ ఏమున్నదో చూసినవా?”

చూశాను. చీమంత అంకె, దాని చుట్టూ చుక్కల గీత.

“అది నీళ్లల్ల మునిగిన రాయి. నీ మడతల ఆ గుర్తు అరిగిపోయిందనుకో, ఓడ పోయి దాని మీదనే కూసుంటది.”

నోరు ఊరుకోదు నాకు. “మొయినాబాద్‌కు ఓడ ఎట్లొస్తది తాత?” అన్నాను. లైనులో ఉన్నవాళ్లు నవ్వారు. తాత నవ్వలేదు, కోపానికీ రాలేదు. “రాదు. అయినా మడత పెట్టకు,” అని పటం చుట్టుకుని పైపులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. ఓడ రాదని తెలిసి కూడా రాయిని కాపాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆదివారం నాడు వాళ్లింటి తలుపు కొట్టాను.

ఇంట్లో మంచం కంటే బల్లే పెద్దది. పాత తలుపు చెక్కను నాలుగు కాళ్ల మీద నిలబెట్టి చేసుకున్నాడు. ఆ రోజు ఆయన నా వేలు పట్టుకుని ఒక పటం అంచు వెంట జరిపాడు. కాగితంలో సన్నటి లొట్ట తగిలింది. రాగి రేకు నొక్కుకున్న గుర్తు అది. వెనకటి పటాలు చేసినవాళ్లు తీరాన్ని, లోతులను, ఊళ్ల పేర్లను రాగి రేకు మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కేవారట. ఆ చెక్కేవాళ్లకు కొలతలు ఎక్కడినుంచి వచ్చేవంటే, ఒకడు పడవ అంచున నిలబడి సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి విడిచేవాడు. గుండు అడుగున కొవ్వు పూసి ఉంటుంది. పైకి లాగితే ఇసుకో, బురదో, గవ్వ ముక్కో అంటుకుని వస్తుంది. తాడు ఎంత పోయిందో అంకె, అడుగున ఏముందో పక్కన చిన్న అక్షరం. అలా ఒక్కో అంకెకు ఒక్కో విసురు. ఒక పటం మీద అలాంటి అంకెలు వేలల్లో ఉంటాయి. తాత రెండు చేతులూ చాచి, “ఇగో, ఇది బార. మనం బాయి లోతుకు మట్లంటం, వాళ్లు సముద్రానికి బారలంటరు. యాడికి పోయినా మనిషి తన ఒళ్లుతోనే కొలిచిండు,” అన్నాడు. ఇంకోచోట తీరం గీత తెగి చుక్కలుగా ఉంటే ఎందుకని అడిగాను. “అక్కడ మంచో, వానో, ఆ కొలిచెటాయనకు ఒడ్డు కనబడలే. కనబడనిది కనబడ్డట్టు గియ్యలే. చుక్కలు పెట్టి ఊకున్నడు,” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో, ఎప్పుడూ చూడని ఆ మనిషి పట్ల, సొంత అన్న మీద ఉండేలాంటి గౌరవం వినిపించింది.

తాత పద్ధతులు రెండు. మొదటిది, పటం మీద దేన్నీ చెరపకూడదు. లోతు మారితే పాత అంకె మీద ఒక్క సన్న గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి. పాతది చదవడానికి రావాలి. రాశాక పటం కింద ఎడమ మూలలో ఆ దిద్దుబాటు నంబరు వెయ్యాలి. “కొత్త అంకె సరైందే గద, పాతది తీసేస్తే ఏమైతది?” అని వాదించాను. “కొత్తది తప్పయితే? కింద పాతదుంటెనే గద తర్వాతోనికి తెలిసేది. ఆఖరుకు దిద్దేటోన్ని నేనే అనుకునేటోడు ఈ పనికి రాడు,” అన్నాడు. రెండోది, ఏ పటమైనా ముట్టుకోకముందు దాని హాజరు తీసుకోవాలి. ఆయన మాట అదే. బళ్లో పిల్లల పేర్లు పిలిచినట్టు చిరుగులెన్ని, మరకలెన్ని, పురుగు తిన్న బొక్కలెన్ని, చేతిరాతలెన్ని అని లెక్కపెట్టి పట్టీ రాయాలి. పని అయ్యాక మళ్లీ పిలవాలి. చిరుగులు తప్ప అందరూ పలకాలి.

జిరాక్స్ పని మానేసి పూర్తిగా ఆయన దగ్గరే కూర్చుంటానంటే మా అమ్మ ఇంటి కప్పు లేచిపోయేలా అరవలేదు. అరిస్తే తేలికయ్యేది. పొయ్యి ముందు కూర్చుని నెమ్మదిగా, “ఆ ముసలాయన కాయితాలు అతికితే నీకు అన్నం పెడ్తయా స్వరూప? గండిపేటల కాలేజీ ఆఫీసుల క్లర్కు కొలువున్నదంట. మీ మామ చెప్పిండు. దసరా దాకా చూస్త. అప్పటికి నీకంటూ ఒక్క పని వచ్చి, ఒక్కరు మంచిగ చేసినవంటే నేను మాట్లాడ. లేకపోతే కొలువుల చేరాలె,” అంది. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను. ఆమె నన్ను చదివించడానికి మిర్చి చేనులో నడుం విరగ్గొట్టుకున్న మనిషి. దసరాకు నాలుగు నెలలుంది. గంజి కాచడం, పల్చటి కాగితాన్ని వెనక అతకడం, తడి పటాన్ని చెక్క మీద సమంగా ఆరబెట్టడం, పగలంతా ఇదే. వేళ్లు నానిపోయి చర్మం లేచేది.

దసరా ఇంకా నెలన్నర ఉందనగా పని వచ్చింది. జన్వాడలో తోట, ఇల్లు కట్టుకున్న మురళీధర్ గారు అనే పెద్దాయన ఎక్కడో వేలంలో ఒక పాత సముద్ర పటం కొన్నారు. కోరంగి నుంచి బందరు దాకా తీరం. రాగి రేకు అచ్చు. మధ్యకు రెండుగా చిరిగి ఉంది. వాళ్లింట్లో కరెంటు పని చేసే మా ఊరి అబ్బాయి తాత పేరు చెప్పాడట. అప్పటికే తాత చేతులు వణుకుతున్నాయి, ఎడమ కంట్లో పొర కమ్మింది. “చెయ్యి నీది. చూపు మాత్రం కొంచెం నాది,” అని పటాన్ని నా ముందుకు జరిపాడు. హాజరు తీసుకున్నాను. పెద్ద చిరుగు ఒకటి, చిన్నవి నాలుగు, చాయ్ మరక ఒకటి, పురుగు బొక్కలు పదమూడు. చివరికి, పెన్సిలుతో పెట్టిన ఇంటూ గుర్తులు, పక్కన టైముతో సహా, పదకొండు.

ఆ పదకొండు దగ్గర తాత భూతద్దం పట్టుకుని పూటంతా కూర్చున్నాడు. ఎప్పుడో ఆ పటం వాడిన ఓడలో ఎవరో నావికుడు పూట పూటకూ ఓడ ఎక్కడుందో లెక్కగట్టి పెట్టుకున్న గుర్తులవి. “చూడు, ఇక్కడ పొద్దుగాల. ఇక్కడ పగటీలి. ఇగో ఈడికొచ్చి గోదారి మట్టి తగిలినట్టున్నది, లోతు తగ్గింది, భయపడి ఎనకకు మళ్లిండు. మళ్ల వచ్చిండు. మొండోడు,” అని మురిసిపోయాడు. “పటం చేసినోళ్ల పేర్లు అడుగున అచ్చుల ఉన్నయ్. నడిపినాయన పేరు యాడ లేదు బిడ్డ. ఈ పదకొండే ఆయన పేరు.” ఆ వారంలోనే పటం చూడటానికి వచ్చిన మురళీధర్ గారు ఆ గుర్తులను చూసి, “ఇవేంటి, పిల్లలు గీసినట్టున్నాయి. తీసేస్తే నీట్‌గా ఉంటుంది,” అన్నారు. తాత, “అవి ఉంటయ్ సార్,” అన్నాడు. అంతే అన్నాడు. ఆయనా రెట్టించలేదు.

తర్వాత తాతకు కంటి ఆపరేషన్. పట్నంలో దవాఖానలో నాలుగు రోజులు. అప్పటికి పెద్ద చిరుగు కలిపేశాను. గీతకు గీత, అంకెకు అంకె అతికింది. నాకు నేనే ముద్దొచ్చాను ఆ రోజుల్లో. రెండో రోజు మురళీధర్ గారు ఫోన్ చేశారు. ఇంటికి స్నేహితులు వస్తున్నారనీ, ఆదివారానికల్లా పటం గోడ మీద ఉండాలనీ, ఆ పెన్సిల్ గీతలు తీసేస్తే నా పని నలుగురికీ చూపిస్తాననీ అన్నారు. నలుగురికీ అనే మాట చెవిలో పడగానే నాకు అమ్మ మొహం కనిపించింది, గండిపేట కాలేజీ ఆఫీసు కనిపించింది. నావికుడు కనిపించలేదు. మెత్తటి రబ్బరు తీసుకుని కూర్చున్నాను. భోజనం వేళకు పటం మీద ఒక్క గుర్తూ లేదు. నిజం చెప్పాలంటే అప్పుడు బాధ కూడా కలగలేదు. శుభ్రంగా ఉందనిపించింది. తర్వాత లేచి చేతులు కడుక్కుని వస్తే, గోడకు గుచ్చిన హాజరు పట్టీ కనిపించింది. చివరి వరస, నా చేతిరాత, పదకొండు. పట్టీ చింపి, ఆ వరస లేకుండా ఇంకోటి రాద్దామనుకున్నాను. కాగితం కూడా తీశాను. పై వరసలన్నీ ఎక్కించాను. చివరి వరస దగ్గర చెయ్యి ఆగింది. కొత్త కాగితాన్ని పొయ్యిలో పడేశాను. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవాల్సిందీ నేనే. కానీ ఎలాగో తెలియలేదు.

తాత కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని వచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే బల్ల దగ్గరికి పోయాడు. కన్ను సరిగా తెరవలేడు కాబట్టి అరచెయ్యి పటం మీద ఆనించి, చిరుగు కలిసిన చోట మెల్లగా తడుముకుంటూ పోయాడు. “మంచిగ కూసున్నది,” అన్నాడు. చెయ్యి ఇంకా పక్కకు, గోదావరి సముద్రంలో కలిసే మొగ వైపు పోయింది. ఆగింది. వేళ్లు పైకెత్తి ఒకదానితో ఒకటి నలిపాడు.

“రబ్బరు పొట్టు,” అన్నాడు.

నేను గోడ మీది పట్టీ వైపు చూశాను.

“ఎన్ని?”

“అన్ని, తాత.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిడతాడని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఆ సారే చెయ్యమన్నాడని తోసేదాన్ని. ఆయన మంచినీళ్లు అడిగి తాగి, తన కథ మొదలుపెట్టాడు. అంతకుముందు ఎన్నడూ చెప్పనిది.

దుకాణంలో బల్ల మీద కుదిరిన అయిదారేళ్లకు జరిగిందట. కొంకణం తీరంలో ఒక ఓడ మునిగింది. అది మునిగిన చోటు పటం మీద గుర్తు పెట్టాలి. తాత గుర్తు పెట్టాడు, మూలకు నంబరు వేశాడు, పటం అమ్ముడుపోయింది. వారం తర్వాత అదే పటం ఇంకో ప్రతి దిద్దుతూ చూసుకుంటే, మొదటి దాంట్లో, పటం అంచున ఉండే కొలత గీతల్లో, ఒక గీత పైకి పెట్టినట్టు తేలింది. ఒక గీత అంటే సముద్రం మీద మైలు పైచిలుకు. ఆ పటం కొన్న ఓడ అప్పటికే రేవు విడిచింది. “చేతులు సల్లబడ్డయ్ బిడ్డ. పక్క బల్ల మీదున్నాయన అన్నడు, ఊకో, సముద్రం ఎంతున్నది, అది గక్కడికే పోతదా అని. నాగ్గూడ గట్లనే అనిపిచ్చింది. నేను చెప్పకపోతే ఎవలకు తెలుస్తది? ఎవలకు తెల్వది. ఒక్క ఆ ఓడకు తప్ప.” లేచి పోయి యజమానికి చెప్పాడట. ఓడకు వైర్‌లెస్‌లో కబురు పోయింది. అందిందని అటునుంచి జవాబు వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాడట. తర్వాత ఆయనను బల్ల మీది నుంచి దించి ఏడాది పాటు గోదాములో పటాలు చుట్టే పనికి పంపారు. “ఈ పాత నక్షాలన్ని నేను చూసింది ఆ గోదాములనే. సిగ్గుతోని తలకాయ ఎత్తబుద్ధిగాక, ఒక్కొక్కటి విప్పుకుంట చూసిన. చేసినోళ్లు ఎంత కష్టపడ్డరో అప్పుడు సమజైంది.”

కథ అయ్యాక, “కిటికీ ముయ్యి. టార్చి తే,” అన్నాడు. నాకు అర్థం కాలేదు. టార్చిని పటానికి పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి పట్టుకోమన్నాడు. కాగితం మీద ఆ ఏటవాలు వెలుగు పాకగానే, చదునుగా ఉందనుకున్న సముద్రమంతా గుంటలూ మిట్టలుగా లేచింది. పెన్సిలు నలుపు పోయినా, గట్టిగా నొక్కి గీసిన చోట కాగితం లోపలికి దిగి ఉంటుంది. ఆ నొక్కుడు వెతకాలి. నా ఫోను అప్పుడు బటన్లది, దాంట్లో ఫొటో తీస్తే మనిషి మొహమే పోల్చుకోలేం. గుర్తులు ఉన్నప్పుడు దాంతో తీసిందీ లేదు. కాబట్టి టార్చే దిక్కు. ఆ మధ్యాహ్నం ఒక్కటి దొరికింది. సంతోషం పట్టలేక పెన్సిలు అందుకున్నాను.

“ఏం చేస్తున్నవ్?”

“మళ్ల పెడ్త తాత, ఉన్నకాడనే.”

“పెట్టకు. నువ్వు పెడితే అది నీ గుర్తయితది, ఆయనది గాదు. ఏరే కాయితం తీస్కో. అది యాడ దొరికిందో కొలిచి రాయి. పైన రాయి, ఫలానా దినం ఫలానా స్వరూప ఈ పదకొండు గుర్తులు చెరిపింది అని. దస్కతు పెట్టు. ఆ కాయితం పోయి ఆ సారుకు ఇయ్యి.”

“ఇస్తే పని పోతది తాత. అమ్మ కొలువుల ఎయ్యిస్తది.”

“పోతది,” అన్నాడు. ఆయన నాకు ఇచ్చిన ఊరడింపు అంతే.

మురళీధర్ గారికి ఫోన్ చేసి ఆదివారానికి కాదన్నాను. ఆయన విసుక్కున్నారు. పదహారు రోజులు కిటికీలు మూసుకుని వెతికాను. కొన్ని గంటలో దొరికాయి. కొన్నిటికి రెండు రోజులు పట్టింది. మెడ పట్టేసి, కళ్లు మంటలెత్తి, ఒక రోజు టార్చి విసిరికొట్టాను కూడా. తాత దాన్ని తడుముకుంటూ ఏరి, బల్బు వెలుగుతుందో లేదో చూసి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. తొమ్మిది దొరికాయి. మిగిలిన రెండు, గోదావరి మొగ దాటాక నావికుడు వెనక్కి మళ్లిన చోటివి, దొరకలేదు. అక్కడ చెయ్యి తేలిగ్గా పెట్టినట్టున్నాడు, లేదా నేను గట్టిగా రుద్దినట్టున్నాను. పట్టీలో పదకొండు, కాగితంలో తొమ్మిది. అలాగే రాశాను. సంతకం పెట్టాను.

దసరాకు వారం ముందు, పటానికి చట్రం కట్టించుకుని, ఆటోలో జన్వాడ పోయాం. తాత గేటు దాకా వచ్చి ఆటోలోనే కూర్చున్నాడు. “నేను లోపటికి రాను. చెరిపింది నేను గాదు,” అన్నాడు. మురళీధర్ గారు పటం చూసి ముందు బాగుందన్నారు. అప్పుడు కాగితం ఇచ్చాను. చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు.

“నేనే కదమ్మా తీసెయ్యమంది,” అన్నారు.

“అవును సార్. మీకు తెల్వక అన్నరు. నేను తెలిసి చేసిన.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలిసేది గాదు సార్.”

ఆయన మొహం ఎర్రబడింది. తప్పు ఒప్పుకుంటే పెద్దవాళ్లు మెచ్చుకుంటారని బళ్లో చెబుతారు. అది అన్నిసార్లూ జరగదు. “ఇప్పుడు ఈ పటం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. దీన్ని వెనకాల అతికించి పో. నాకు కనపడకూడదు,” అన్నారు. గంజి డబ్బా వెంటే ఉంది. ఆయన వరండాలో నేల మీద కూర్చుని, చట్రం వెనక ఆ కాగితాన్ని అతికించాను. నలుగురికీ చూపిస్తానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. బయటికి వస్తే తాత, “అతికినవా? అంచులు ఒత్తినవా?” అని అడిగాడు. ఒత్తానన్నాను. ఇల్లు చేరేదాకా ఇంకేమీ అడగలేదు. నేను దారంతా ఏడ్చాను.

దసరా అయిన తెల్లారి గండిపేట కాలేజీ ఆఫీసులో చేరాను. కాగితం చూడకముందు ఆయన బాగుందన్నది లెక్కలోకి రాదు. మాట మాటే. రెండున్నరేళ్లు అక్కడ ఫీజు రసీదులు రాశాను. కానీ తాత దగ్గరికి పోవడం మానలేదు. పొద్దున బస్సుకు ముందు గంట, ఆదివారం పూర్తిగా. ఆపరేషన్ చేసిన కన్ను తేరుకోలేదు. రెండో కన్ను కూడా మసకబారాక ఆయన బల్ల పక్కన కూర్చుని, నేను లోతులు పైకి చదువుతుంటే వినేవాడు. ఎక్కడైనా అంకె తెలియక నేను తడబడితే, “కనబడ్తలేదా? కనబడ్తలేదని చెప్పు. ఊహించి చెప్పకు,” అనేవాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చివరి నెలలో మంచం దిగలేని స్థితిలో కూడా విన్నాను. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చివాళ్లు వచ్చి చూస్తే, నిద్రలోనే పోయాడు. ఏడవటం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంకా నాకు తెలియనివి అన్ని మిగిలి ఉండగా ఎలా పోతాడని.

పనులు తర్వాత మెల్లగా వచ్చాయి. మురళీధర్ గారింట్లో గోడలకు సున్నం వేయించినప్పుడు పటం దించి పెట్టారట. అక్కడికి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు వెనక కాగితం చదివి, దీన్ని రాసిన పిల్ల ఎక్కడుంటుందని అడిగి, రెండు బస్సులు మారి మా ఊరొచ్చాడు. నా మొదటి అసలు పని ఆయనదే. ఆ రోజు అమ్మ ఆయనకు చాయ్ పోసి, ఆయన వెళ్లేదాకా గుమ్మంలో నిలబడి వింది. తర్వాత, “కొలువు ఇడిచిపెడ్తవా?” అని తనే అడిగింది. ఇప్పుడు ఎవరు పటం తెచ్చినా, చేతిలోకి తీసుకోకముందు నేను చెరిపిన గుర్తుల కథ చెబుతాను. ఇది విన్నాక కూడా ఇచ్చేవాళ్లదే తీసుకుంటాను. ఎక్కువమంది ఇస్తారు. కొందరు గొట్టం మూత పెట్టుకుని మర్యాదగా వెళ్లిపోతారు. వెళ్లనీ.

ఏడాదికోసారి, దసరాకు ముందు వారంలో, టార్చి తీసుకుని జన్వాడ పోతాను. మొదటిసారి ఫోన్ చేసి అడిగినప్పుడు మురళీధర్ గారు నమ్మలేదు. ఇప్పుడు ఆయనే కిటికీ పరదాలు వేయించి, పటం దింపించి బల్ల మీద పెట్టిస్తారు. నిరుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, నా వెలుగు పోయేవైపే తలవంచి చూస్తూ, “అటు కొంచెం కిందికి పట్టమ్మా,” అన్నారు. కిందికి పట్టాను. ఏమీ లేదు. ఆ మనిషి ఆ రెండు పూటలు సముద్రంలో ఎక్కడున్నాడో ఆయన రాసిపెట్టుకున్నాడు, నేను చెరిపాను. వెనక కాగితం మీద ఆ ఏటి తేదీ వేసి, దొరకలేదని రాసి, సంతకం పెట్టాను. ఇంకా చాలా జాగా ఉంది ఆ కాగితం మీద.